ఆల్బమ్‌ని విడదీయొద్దు: సికింద్రాబాద్‌లోని ఒక ఇంట్లో దొరికిన పాత టూరిస్టు ఆల్బమ్ కేసు

పాత ఫొటోలు, ఆల్బమ్‌లు, గాజు నెగటివ్‌లు బాగుచేసి, వాటికి జాబితా రాసి, స్కాన్ చేసి భద్రపరచడం నా పని. ఈ కేసుని మొదటినుంచి చివరిదాకా రాయడానికి కారణం ఒకటే. ఇలాంటి ఆల్బమ్‌లు మన దగ్గర, ముఖ్యంగా పాత కంటోన్మెంట్ ఊళ్లలో, అటకల మీదా ట్రంకు పెట్టెల్లోనూ ఇంకా ఉన్నాయి. బయటికి తీయగానే ఎవరో ఒకరు "విప్పి విడివిడిగా అమ్మితే మంచి రేటు వస్తుంది" అని సలహా ఇస్తారు. ఆ సలహా వినకముందు ఇది చదవండి.

నా దగ్గరికి వచ్చిన ప్రశ్న ఇది: ఇందులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోలు ఎన్ని, ఏ సంవత్సరంలో తీసినవి, వాటిని ఊడదీసి ఫ్రేములు కట్టించొచ్చా? అడిగింది ఓ రిటైరైన పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు. వాళ్ల ముత్తాత కంటోన్మెంటులో ఒక దొరగారి ఇంటి సామాను వేలంలో అలమరాతో పాటు ఈ ఆల్బమ్ కూడా కొన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుముందే ఒక వ్యాపారి చూసి, "ఇవన్నీ 1860ల నాటి ఒరిజినల్స్, ఆల్బమ్‌గా ఎవరూ కొనరు, విప్పి ఇవ్వండి" అన్నాడట. పెద్దకొడుకు మొదట అడిగిన మాట కూడా అదే: "విప్పితే ఒక్కోదానికి ఎంత వస్తుందండీ?" నేను ధరలు చెప్పను, అది నా పని కాదు. కానీ ఆ వ్యాపారి చెప్పిన సంవత్సరం మాత్రం తప్పని రెండో పేజీ తిప్పేసరికే తెలిసిపోయింది. ఎలాగో చెప్తాను.

ముందు వస్తువు సంగతి

తోలు వీపు, గుడ్డ అట్టలు ఉన్న పెద్ద ఆల్బమ్. మందపాటి పేజీలకి ఫొటోలు గంజితో నేరుగా అంటించారు. ఇప్పుడు మిగిలినవి 58. ఇంకో అయిదు చోట్ల ఫొటో లాగేసిన మచ్చ, కింద పెన్సిల్‌తో రాసిన శీర్షిక మాత్రం ఉన్నాయి. వీపు విరిగిపోయింది, అంచుల దగ్గర గంజి కోసం వచ్చిన సిల్వర్ ఫిష్ పురుగులు గీకి తిన్న గుర్తులు, మూడు ఫొటోల మీద సెల్లోటేపు. ఒక ఫొటోని ఎప్పుడో ఫ్రేముల షాపులో నీళ్లలో నానబెట్టి ఊడదీశారు. అది చుట్టుకుపోయి, పైపొర నిలువునా పగిలి, ఒక వదులు కాగితంలా ఆల్బమ్ మధ్యలో ఉంది. ఈ ఒక్క ఫొటో చాలు, మిగతా 57 ఊడదీస్తే ఏమవుతాయో చెప్పడానికి. ఆ కుటుంబానికి నేను ముందు చూపించింది దాన్నే.

ఎందుకలా అవుతుందంటే వీటిలో చాలావరకు అల్బుమెన్ ప్రింట్లు. పల్చటి కాగితం మీద ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొన పూసి ఆరబెడతారు. తర్వాత సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలించి, ఆరాక నెగటివ్‌కి ఆనించి చెక్క ఫ్రేములో బిగించి ఎండలో పెడతారు. బొమ్మ ఎండలోనే పైకి తేలుతుంది, డెవలప్ చేయడం ఉండదు. దాన్ని బంగారపు లవణంతో టోన్ చేసి, హైపో అనే ద్రావణంలో ఫిక్స్ చేసి (అంటే వెలుగుకి ఇక మారకుండా చేసి), నీళ్లలో బాగా కడుగుతారు. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్-ఎవ్రార్ ఈ పద్ధతి ప్రకటించాడు, 1890ల దాకా ప్రపంచమంతా దీన్నే వాడింది. జర్మనీలో డ్రెస్డెన్ ఫ్యాక్టరీలో ఈ కాగితం తయారీకి రోజుకి 60,000 గుడ్లు వాడేవారని చెబుతారు. కాగితం మరీ పల్చన కాబట్టి దేనికో ఒకదానికి అంటించకపోతే చుట్టుకుపోతుంది. అందుకే ఇవి అట్ట మీదో ఆల్బమ్ పేజీ మీదో తప్ప విడిగా ఉండవు. తెల్లసొన పొర, కాగితం నీళ్లకి ఒకే తీరుగా ఉబ్బవు, ఒకే తీరుగా ముడుచుకోవు. వందేళ్లు దాటిన పొరని తడిపితే పగుళ్లు వస్తాయి, అవి మళ్లీ కలవవు.

అల్బుమెన్ అని గుర్తుపట్టడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, మంచి భూతద్దం చాలు. కాగితం పీచు బొమ్మలోంచి కనిపిస్తుంది, పైన సన్నటి పగుళ్ల వల ఉంటుంది, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపు తిరిగి ఉంటాయి, నీడలు ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. తర్వాత వచ్చిన జెలటిన్ ప్రింటింగ్-అవుట్ కాగితానికైతే కింద బరైటా అనే తెల్ల పూత ఉంటుంది, పీచు కనిపించదు. ఈ ఆల్బమ్‌లో 54 మొదటి రకం. చివర్లో ఉన్న నాలుగు చిన్న ఫొటోలు రెండో రకం. ఈ నాలుగూ తర్వాత చాలా పనికొచ్చాయి.

ఎవరి ఫొటోలు

58లో 23 ఫొటోల కింది మూలన బోర్న్ అనే సంతకం, పక్కనే నంబరు ఉన్నాయి. తొమ్మిదింటి మీద దీన్ దయాళ్ పేరు ఉంది. ఎనిమిది "రకాల మనుషుల" ఫొటోలు, పేరు లేదు. పధ్నాలుగు ఊళ్ల దృశ్యాలు, వాటికీ పేరు లేదు. చివరి నాలుగు ఎవరో సొంత కెమెరాతో తీసుకున్నవి.

సంతకం ఉంది కదా, ఇంకేం అనుకుంటారు అందరూ. అసలు చిక్కు అక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

శామ్యూల్ బోర్న్ ఇంగ్లండులో నాటింగ్‌హామ్ బ్యాంకు గుమాస్తా. 1863లో కలకత్తాలో దిగి, సిమ్లా చేరి, అక్కడున్న ఫొటోగ్రాఫర్ హోవార్డ్‌తో కలిసి స్టూడియో పెట్టాడు. తర్వాత చార్లెస్ షెపర్డ్ చేరాడు, హోవార్డ్ తప్పుకున్నాడు, అది బోర్న్ అండ్ షెపర్డ్ అయింది. బోర్న్ ఊళ్లు తిరిగి నెగటివ్‌లు తెచ్చేవాడు, షెపర్డ్ స్టూడియోలో ఉండి ప్రింట్లు చూసుకునేవాడు. హిమాలయాల్లోకి మూడు పెద్ద యాత్రలు చేశాడు. 1866లో మణిరంగ్ కనుమ దగ్గర 18,000 అడుగులకి పైన నిలబడి ఫొటో తీశాడు. ఇదంతా వెట్ కొలోడియన్ పద్ధతిలో. అంటే గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, వెండి ద్రావణంలో ముంచి, అది ఆరేలోపు ఫొటో తీసి, ఆరేలోపే డెవలప్ చేయాలి. చీకటి గుడారం, గాజు పెట్టెలు, మందుల సీసాలు అన్నీ వెంట ఉండాలి, వాటిని మోసింది పదుల సంఖ్యలో కూలీలు. అప్పట్లో ఎన్‌లార్జ్ చేయడం మామూలు స్టూడియోకి కుదిరే పని కాదు, ప్రింటు ఎంత కావాలంటే గాజు అంత ఉండాలి. బోర్న్ వాడింది 10 అంగుళాలు బై 12 అంగుళాల గాజు. ఆ బరువు ఆ కొండల మీద మోసినవాళ్ల పేర్లు ఏ ఫొటో మూలనా లేవు. ఎండలో వరసగా ఫ్రేములు పేర్చి, ఒక్కోటీ తెరిచి చూసి, సరిగ్గా ఎప్పుడు తీయాలో కంటితో నిర్ణయించిన ప్రింటర్ల పేర్లూ లేవు. ఈ ఆల్బమ్‌లో నీడలు ఇప్పటికీ అంత గట్టిగా నిలబడ్డాయంటే అది వాళ్ల చేతి పని. నా జాబితాలో "ముద్రణ: స్టూడియో పనివారు" అని ప్రతి ఫొటోకీ రాస్తాను, ఎవరు వద్దన్నా రాస్తాను.

బోర్న్ 1870లో ఇండియా వదిలి వెళ్లిపోయాడు. నాటింగ్‌హామ్‌లో బావమరిదితో కలిసి నూలు వ్యాపారం చేసుకున్నాడు. కానీ ఆయన నెగటివ్‌లు, రెండు వేలకి పైగా, ఇక్కడే కంపెనీ దగ్గర ఉండిపోయాయి. టూరిస్టు స్టూడియోకి నెగటివ్ అంటే మాగాణి పొలం లాంటిది, ఒకసారి చేతికొస్తే ఏటా పంట తీసుకోవచ్చు. తాజ్ మహల్ పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ అదే తాజ్ మహల్. కొనేవాడికి అదెప్పుడు తీశారన్నది పట్టదు, తను చూసి వచ్చిన తాజ్ లాగా ఉంటే చాలు. దాంతో కంపెనీ బోర్న్ నెగటివ్‌ల నుంచి ఆయన వెళ్లిపోయిన చాలా ఏళ్ల దాకా ప్రింట్లు తీసి అమ్మింది, గాజు మీద గీసిన ఆ సంతకం ప్రతి ప్రింటులోనూ వస్తూనే ఉంది.

కొనడం కూడా నంబర్ల మీదే జరిగేది. స్టూడియోలో నమూనా పుస్తకాలు, అచ్చు కేటలాగు ఉంటాయి. కస్టమర్ కూర్చుని ఫలానా నంబరు, ఫలానా నంబరు అని ఎంచుకుంటాడు. విడి కాగితాలుగానైనా తీసుకెళ్లొచ్చు, స్టూడియో చేతే ఆల్బమ్ కట్టించుకోనూ వచ్చు. అందుకే గాజు మీద నంబరు. ఆ నంబరు గుమాస్తా అల్మారాలోంచి ప్లేటు వెతికి తీయడానికి పెట్టుకున్నది, మనకి తేదీ చెప్పడానికి కాదు.

మూడు తేదీలు

కాబట్టి టూరిస్టు ఆల్బమ్‌లో ఏ ఫొటోకైనా మూడు తేదీలు వెతకాలి: నెగటివ్ ఎప్పుడు తీశారు, ఆ ప్రింటు ఎప్పుడు వేశారు, కొన్నవాడు ఎప్పుడు కొన్నాడు. వ్యాపారి చెప్పిన 1860లు మొదటి తేదీకి కొన్ని ఫొటోల విషయంలో నిజమే. మిగతా రెంటికీ అతను ఆలోచించలేదు.

రెండో పేజీలో చార్మినార్ ఉంది. దీన్ దయాళ్ సంతకం. భూతద్దం పెట్టి చూస్తే కమాను పైన గుండ్రటి గడియారం స్పష్టంగా కనిపిస్తోంది. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. అంటే ఈ నెగటివ్ అంతకుముందుది కాదు, ఈ ఆల్బమ్ కొనుగోలూ అంతకుముందుది కాదు. పేరు లేని బొంబాయి దృశ్యాల్లో విక్టోరియా టెర్మినస్ పూర్తయిన భవనం ఉంది. అది 1888 నాటికి గానీ పూర్తి కాలేదు, కాబట్టి ఈ రెండో సాక్ష్యం కూడా అటే చూపిస్తోంది.

అదే ఆల్బమ్‌లో, అదే గంజితో, అదే చేతి రాతతో, బోర్న్ తాజ్ మహల్ ఉంది. తోటలో చెట్లు గుబురుగా పెరిగి గోడల్ని సగం కప్పేశాయి. తర్వాత వైస్రాయ్ కర్జన్ కాలంలో తోటని కత్తిరించి చదును చేయించాక అలా కనిపించదు. ఈ నెగటివ్ 1860ల నాటిదే, అందులో సందేహం లేదు. కానీ ప్రింటు? మూలన చిన్న నల్లటి మచ్చ ఉంది, గాజు మీది కొలోడియన్ పొర అక్కడ లేచిపోయి వెలుగు నేరుగా కాగితం మీద పడినప్పుడు వచ్చేది. ఇంకో బోర్న్ దృశ్యంలో అంచునుంచి వాలుగా గాజు పగులు గీత ఉంది. కొత్త నెగటివ్‌కి ఇలాంటివి ఉండవు. ఎన్నో ఏళ్లు ఫ్రేముల్లోకి ఎక్కి దిగిన ప్లేటు ఇది. ఈ మచ్చలు చూసి పెద్దాయన "పాడైపోయిందా" అని బాధపడ్డారు. నాకు మాత్రం ఆల్బమ్‌లో అన్నిటికంటే విలువైన సమాచారం అక్కడే దొరికింది. నీట్‌గా ఉన్న ప్రింటు ఈ సంగతి చెప్పలేదు.

ఇవన్నీ కలిపి, చివర ఉన్న జెలటిన్ ప్రింట్లతో చేర్చి చూస్తే, ఆల్బమ్ కట్టింది 1890లలో అని రాశాను. దశకం కంటే సన్నగా చెప్పడానికి ఆధారం దొరకలేదు, కాబట్టి చెప్పలేదు. "ఇదిగో 1892" అని రాస్తే ఇంటివాళ్లు సంతోషిస్తారు, కానీ ఒకసారి కాగితం మీద పడ్డ సంవత్సరం తర్వాత అందరూ దాన్నే ఎత్తి రాసుకుంటారు. నా జాబితాలో ప్రతి తేదీ పక్కన "ఆధారం" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే తేదీ గడి కూడా ఖాళీగానే ఉండాలి.

కొన్నది ఎవరు

ఇక్కడే ఈ ఆల్బమ్ మామూలు టూరిస్టు ఆల్బమ్‌లనుంచి విడిపోతుంది.

1869లో సూయజ్ కాలువ తెరిచారు, 1870లో బొంబాయి–కలకత్తా రైలు దారి కలిసింది, 1872–73లో థామస్ కుక్ తన మొదటి ప్రపంచ యాత్ర బృందాన్ని ఇండియా మీదుగా తిప్పాడు. దాంతో చలికాలంలో ఓడ దిగి కొన్ని వారాల్లో దేశం చుట్టేసి వెళ్లేవాళ్లు తయారయ్యారు. వాళ్ల దారి దాదాపు ఒకటే: బొంబాయి, జైపూర్, ఢిల్లీ, ఆగ్రా, కాన్పూర్, లక్నో, కాశీ, కలకత్తా, ఓపిక ఉంటే డార్జీలింగ్. కాన్పూర్, లక్నో ఎందుకంటే 1857. కాన్పూర్ బావి మీద నిలబెట్టిన పాలరాతి దేవదూత, లక్నోలో గుండ్ల దెబ్బలు తిన్న రెసిడెన్సీ గోడలు, ఢిల్లీ కాశ్మీరీ గేటు. ఇవి ఆనాటి ఇంగ్లిషు వాళ్లకి యాత్రాస్థలాలు. స్టూడియోలు కూడా అవి తప్పకుండా కేటలాగులో పెట్టుకున్నాయి. మన ఆల్బమ్‌లోనూ ఆ మూడూ ఉన్నాయి.

కానీ మామూలుగా ఇలాంటి ఆల్బమ్ బొంబాయి రేవుతో మొదలవుతుంది. ఇది హైదరాబాద్‌తో మొదలైంది. మొదటి పేజీల్లో చార్మినార్, గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, తర్వాతే మిగతా దేశం. పైగా హైదరాబాద్ పేజీల్లో పెన్సిల్ రాత పొడుగ్గా, ఇంటి మనిషి మాటలా ఉంది. ఒకచోట "బొల్లారం వెళ్లే మన దారి" అనే అర్థంలో రాసుకున్నాడు. ఆగ్రా, ఢిల్లీ పేజీల్లోకి వచ్చేసరికి కేటలాగు శీర్షిక దించినట్టు రెండు మూడు మాటలు, అంతే. చివరి నాలుగు చిన్న ఫొటోల్లో వరండా, గుర్రం, పెంకుటింటి ముందు నౌకర్లు, ఒక పిల్లాడు. ఈ ఆల్బమ్ యజమాని ఓడ దిగి నెలలో వెళ్లిపోయిన యాత్రికుడు కాదనీ, సికింద్రాబాద్‌లో కాపురమున్న మనిషి సెలవుపెట్టి ఉత్తరాది చుట్టి వచ్చాడనీ నా అంచనా. ఇంట్లో చెప్పుకునే వేలం కథకి కూడా అది సరిపోతుంది. పేరు ఎక్కడా లేదు.

ఈ అంచనా దేని మీద నిలబడిందో గమనించండి. పేజీల వరస, శీర్షికల పొడవు తేడా, స్టూడియో ఫొటోల పక్కన ఇంటి ఫొటోలు. ఏ ఒక్క ఫొటోలోనూ ఈ సమాచారం లేదు. విడదీసిన మరుక్షణం ఇది పోతుంది, మళ్లీ ఎవరూ తేలేరు.

దీన్ దయాళ్ ఫొటోల గురించి కూడా ఇదే మాట. ఆయన మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తూ 1874లో కెమెరా పట్టాడు. 1880ల మధ్యలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు, 1894లో రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు పొందాడు. మన వాళ్లకి ఆయన అంటే నవాబుల దర్బారు, వేటలు, నగలు పెట్టుకున్న పోర్ట్రెయిట్‌లు గుర్తొస్తాయి. కానీ ఆ స్టూడియో గుమ్మంలోకి కంటోన్మెంటు ఆఫీసర్లు, వాళ్ల భార్యలు, దారిన పోయే యాత్రికులు వచ్చి కోటల, గుళ్ల, సమాధుల ప్రింట్లు కూడా కొనుక్కునేవారు. నిజాం రైల్వే 1874లోనే వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి వచ్చేసింది కాబట్టి బొంబాయి లైను మీద వెళ్లేవాడు కావాలంటే ఇటు తిరగగలడు. ఈ ఆల్బమ్‌లో నవాబు ఒక్కడూ లేడు. తొమ్మిదీ కట్టడాలే. ఒక మామూలు కస్టమర్ ఆ స్టూడియోలో ఏం ఎంచుకున్నాడో తెలిసే అవకాశం మనకి ఇలాంటి చోటే ఉంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఉన్నాయి. అవి స్టూడియో ఏం తీసిందో చెబుతాయి. ఎవరు ఏది కొనుక్కుని దేని పక్కన అంటించుకున్నారో చెప్పలేవు.

బోర్న్ అండ్ షెపర్డ్ విషయంలో అయితే పరిస్థితి ఇంకా కష్టం. కలకత్తా స్టూడియోలో 1991 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం జరిగి వాళ్ల పాత నిధిలో చాలా భాగం కాలిపోయింది, 2016లో స్టూడియో కూడా మూతపడింది. ఇక మిగిలింది అప్పట్లో అమ్ముడుపోయిన ప్రింట్లే, లైబ్రరీల్లోనూ ఇలాంటి ఇళ్లల్లోనూ.

సంతకం చూసి తీసినవాణ్ణి నిర్ణయించేయడం ఎంత ప్రమాదమో జపాన్ ఉదాహరణ ఇంకా బాగా చూపిస్తుంది. యోకొహామాలో ఫెలీచే బియాటో అనే ఫొటోగ్రాఫర్ 1866 అగ్నిప్రమాదంలో నెగటివ్‌లు పోగొట్టుకుని, మళ్లీ తిరిగి తీసి, చేత్తో రంగులు వేయించి అమ్మాడు. 1877లో ఆయన స్టాకు స్టిల్‌ఫ్రైడ్ చేతికి వెళ్లింది, 1885లో ఆ స్టూడియో ఫర్సారీ చేతికి వెళ్లింది. యజమాని మారినప్పుడల్లా పాత నెగటివ్‌లు కొత్త పేరుతో కస్టమర్‌కి చేరాయి. మన దగ్గర పేరు మారలేదు, మనిషి వెళ్లిపోయాడు. ఫలితం మాత్రం ఒకటే.

ఇంకో విషయం నన్ను ఆపింది. ఆల్బమ్‌లో తెలుగు నేల అంటే హైదరాబాద్ చుట్టుపక్కలే. బెజవాడ లేదు, రాజమండ్రి లేదు, విశాఖ లేదు. తూర్పు తీరం రైలు ముక్కలు ముక్కలుగా 1890లలో పడింది, గోదావరి మీద వంతెన 1900లో గానీ తెరుచుకోలేదు. రైలు వెళ్లని చోటికి కులాసా యాత్రికుడు వెళ్లడు, వెళ్లని చోటి ఫొటో కొనడు, కొనని ఫొటోని స్టూడియో కేటలాగులో పెట్టదు. మన జిల్లాల పాత ఫొటోలు ఎందుకంత తక్కువ అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఈ కారణం అందులో పెద్ద వాటానే అనుకుంటాను.

ఆ ఎనిమిది "రకాలు"

వీటి గురించి చెప్పకుండా వదిలేయలేను. నీళ్లు మోసేవాడు, మంగలి, పాములవాడు, నాట్యకత్తెలు, చాకలి. స్టూడియోలు వీటిని సెట్లు సెట్లుగా అమ్మేవి. మొదటి చూపులో వీధిలో తీసినట్టు ఉంటాయి, కానీ మంగలి వెనక ఉన్న రంగుల తెర మీది చెట్టు కొమ్మ, నీళ్లు మోసేవాడి వెనక కూడా ఉంది. ఒకే గది, ఒకే తెర, ఒకే చాప. మనుషుల్ని పిలిపించి, నిలబెట్టి, పని చేస్తున్నట్టు చేయించారు. ఇద్దరి ముఖాల్లో విసుగు కనిపిస్తోంది. వాళ్లకి పేర్లు లేవు, పని పేరో కులం పేరో ఉంది. కింద పెన్సిల్ రాతలో కొన్ని మాటలు ఇవాళ చదివితే ఒళ్లు మండుతుంది.

కేటలాగులో వీటిని ఎలా రాయాలి? శీర్షికను దిద్దకూడదు, అది ఆనాటి సాక్ష్యం. అలాగని దాన్నే మనం శీర్షికగా పెట్టుకోకూడదు. రెండు గడులు పెట్టాను: ఒకదాంట్లో ఆల్బమ్‌లో ఉన్న రాత ఉన్నది ఉన్నట్టు కొటేషన్లలో, రెండోదాంట్లో కనిపించేదాన్ని మాత్రమే చెప్పే మా వివరణ, "చాప మీద కూర్చున్న ఇద్దరు పురుషులు, ఒకరు క్షవరం చేస్తున్నట్టు పోజు, వెనక చిత్రించిన తెర" అని. చిన్నకొడుకు మొదట "ఆ రాతలు చెరిపేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, కారణం చెప్పాక ఆయనే ఆ ఎనిమిదింటి వివరణలు కూర్చుని నాతో కలిసి రాశాడు.

చేసింది, చేయనిది

మెత్తటి కుంచెతో పొడి దుమ్ము తీశాం, బొమ్మ మీద స్పంజు గానీ తడి గానీ తగలనివ్వలేదు. విరిగిన వీపుని జపాన్ టిష్యూ అనే పల్చటి గట్టి కాగితం, గోధుమ పిండి గంజితో కలిపి కట్టాం, పేజీలు తెరిచినప్పుడు ఒత్తిడి ఫొటో మీద పడకుండా. సెల్లోటేపు మూడింటిలో రెంటి మీద ప్లాస్టిక్ పొర ఎండి దానంతటదే లేస్తోంది కాబట్టి దాన్ని తీశాం, కింద మిగిలిన జిగురు మచ్చ జోలికి పోలేదు. మూడోది గట్టిగా పట్టుకుని ఉంది, అలాగే ఉంచాం. నానబెట్టి పాడుచేసిన ఫొటోని చదును చేయమని అడిగారు, దాన్ని మళ్లీ తేమకి గురిచేస్తే ఉన్న పగుళ్లు పెరుగుతాయి, కాబట్టి లోతైన ట్రేలో చుట్టుకున్న ఆకారంలోనే ఉంచి, ఆల్బమ్‌తో పాటు అదే పెట్టెలో పెట్టాం. పేజీల మధ్య ఫొటోలకి పనికొచ్చేదని పరీక్షించిన ఆమ్ల రహిత పల్చటి కాగితం.

స్కానింగ్‌కి ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడొద్దు. బరువైన ఆల్బమ్‌ని బోర్లించి నొక్కితే వీపు మళ్లీ విరుగుతుంది. కాపీ స్టాండ్ మీద కెమెరా కిందికి చూసేలా పెట్టి, ఆల్బమ్‌ని ఊయల లాంటి ఆసరాలో సగమే తెరిచి తీశాం, రంగుల పట్టీ పక్కన పెట్టి. ప్రతి పేజీని మొత్తంగా ఒకసారి, ఫొటోని విడిగా ఒకసారి, సంతకం మూలని దగ్గరగా ఒకసారి. ఖాళీ మచ్చలున్న పేజీల్ని కూడా తీశాం. చాలామంది వాటిని వదిలేస్తారు. పక్కనుంచి వాలుగా లైటు వేసి తీసిన ఫొటోల్లోనే పెన్సిల్‌తో రాసి చెరిపేసిన కొన్ని నంబర్లు కనిపించాయి. అవి స్టూడియోలో ఆర్డర్ ఇవ్వడానికి రాసుకున్నవి కావచ్చు, బోర్న్ ఫొటోల దగ్గర అవి గాజు మీది నంబర్లతో కలిశాయి.

చివరికి ఇంటివాళ్లు ఆల్బమ్ విప్పలేదు. ఫ్రేముల కోరిక న్యాయమైనదే, ముత్తాత కొన్న వస్తువు గోడ మీద కనిపించాలని ఎవరికుండదు. డిజిటల్ ఫైళ్లనుంచి మంచి కాగితం మీద అసలు సైజులోనే ప్రింట్లు వేయించి ముగ్గురి ఇళ్లకీ ఫ్రేములు కట్టించాం. వాటి మీద ఎండ పడినా పర్లేదు, ఇంకోటి వేయించుకోవచ్చు. అసలు ఆల్బమ్ అట్టపెట్టెలో, లోపలి గది గోడకి ఆనించిన బీరువాలో, నేలకి ఎత్తుగా పడుకోబెట్టి ఉంది. బయటి గోడ పక్కనా, బాత్రూమ్ గోడ పక్కనా పెట్టొద్దని, కలరా ఉండలు వేయొద్దని, వానాకాలం అయ్యాక ఒకసారి తెరిచి పురుగు చూసుకోమని రాసిచ్చాను.

స్టూడియోల ఈ వ్యాపారం ఎందుకు ఆగిపోయిందో కూడా ఆ చివరి నాలుగు ఫొటోలే చెబుతాయని పెద్దాయనకి చూపించాను. 1888లో కోడక్ వచ్చింది, బటన్ నొక్కడం తప్ప యాత్రికుడికి ఇంకే పనీ లేకుండా చేసింది. దాని వెనకే పైసల్లో దొరికే పిక్చర్ పోస్టుకార్డు. తాజ్ మహల్ పెద్ద ప్రింటు కొనాల్సిన అవసరం పోయింది. బోర్న్ అండ్ షెపర్డ్ లాంటివి పోర్ట్రెయిట్‌లు, దర్బారులు, ఆఫీసు పనుల మీద నిలబడ్డాయి, చిన్నవి కనుమరుగయ్యాయి. మన ఆల్బమ్ యజమాని సరిగ్గా ఆ మలుపులో ఉన్నాడు, కోటలు, సమాధులు స్టూడియో దగ్గర కొన్నాడు, తన ఇంటిని తనే తీసుకున్నాడు.

ఇంకా తేలనిది ఆ అయిదు ఖాళీలు. కింద మిగిలిన శీర్షికల ప్రకారం అవి: సికింద్రాబాద్ పరేడ్ మైదానం, హుస్సేన్ సాగర్ కట్ట, గోల్కొండ కోట ద్వారం, గ్వాలియర్ కోట, కాశీ మణికర్ణిక ఘాట్. పాత కాలంలోనే ఎవరో ఊడదీశారు, పేజీ పైపొర చిరిగి వాటితో పాటు వెళ్లిపోయింది. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి వైపు మీ ఇంట్లోనో, పాత పుస్తకాల షాపులోనో ఇలాంటి దృశ్యం, వెనకవైపు బూడిదరంగు మందపాటి కాగితం ముక్కలు చిరిగి అంటుకున్నది కనిపిస్తే, ఆ ముక్కల్ని గీకకుండా, తడపకుండా రెండు వైపులా ఫొటో తీసి ఉంచండి. ఆ చిరుగు ఆకారం ఆల్బమ్ పేజీలోని చిరుగుతో కలుస్తుందో లేదో మేం చూసుకుంటాం.